తరగతి గోడ మీద పది ఆజ్ఞలు

మొన్న సాయంత్రం దీపం పెడుతుంటే మా చిన్నది వెనకాలే వచ్చి నిలబడింది. తొమ్మిదేళ్ళ పిల్ల. "అమ్మా, గ్రేవెన్ ఇమేజ్ అంటే ఏంటి?" అంది. చెక్కిన విగ్రహం అని చెప్పాను. దాని చూపు అల్మరాలోని ఇత్తడి వినాయకుడి మీదికి పోయింది. మా అత్తగారు తెనాలి నుంచి చీర మడతల్లో చుట్టి తెచ్చిన విగ్రహం అది. "అయితే ఇది ఉండకూడదా? మా క్లాసు గోడ మీద అలాగే రాసుంది." అగ్గిపుల్ల వేలిదాకా కాలింది గానీ నోట మాట రాలేదు.

మేముండేది డాలస్ శివారులో. టెక్సస్ గవర్నర్ గ్రెగ్ ఆబట్ 2025 జూన్‌లో సంతకం చేసిన ఎస్‌బీ 10 చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల్లో ప్రతి తరగతి గదిలోనూ బైబిల్లోని పది ఆజ్ఞల పోస్టరు ఉండాలి. వెడల్పు 16 అంగుళాలకు, ఎత్తు 20 అంగుళాలకు తగ్గకూడదు. గదిలో ఏ మూల కూర్చున్నా కనబడాలి. ఎవరైనా విరాళంగా తెచ్చిస్తే బడివాళ్ళు తగిలించి తీరాలి. అందులో ఏ మాటలుండాలో కూడా చట్టమే రాసిచ్చింది. వ్యభిచారం, పొరుగువాడి భార్య, దాసదాసీలు... అయిదేళ్ళ పిల్లలకు ఏ టీచరు ఏమని చెప్పాలి?

విశ్రాంతి దినాన్ని పాటించమన్న ఆజ్ఞా అందులోనే ఉంది. టెక్సస్ ప్రతినిధుల సభ మాత్రం ఆ బిల్లును శనివారం చర్చించి, ఆదివారం తుది ఓటు వేసింది. సెమినరీలో చదువుకున్న సభ్యుడు జేమ్స్ టలారికో దాన్ని సభలోనే నిలదీశారు. ఆయన క్రైస్తవుడే. ఈ చట్టం మీద కోర్టుకెళ్ళిన కుటుంబాల్లో యూదులు, హిందువులతో పాటు క్రైస్తవులూ ఉన్నారు.

క్రీస్తు మాట అంటే నాకు బెరుకు లేదు. గుంటూరులో సిస్టర్ల బడిలో చదివాను. రోజూ ప్రభువు ప్రార్థన అయ్యాకే పాఠం మొదలయ్యేది. ఇప్పటికీ అది నాకు కంఠతా వచ్చు. ఆ బడిని మా అమ్మ ఏరికోరి ఎంచుకుంది. నచ్చకపోతే పక్క వీధిలో ఇంకో బడి ఉండేది. ఇక్కడిది అందరి పన్నులతో నడిచే బడి. ఏ దేవుణ్ణి కొలవాలో, ఎలా కొలవకూడదో నా కూతురికి చెప్పే హక్కు ప్రభుత్వానికి ఎవరిచ్చారు? మా అన్నయ్య చదివిన జిల్లా పరిషత్ హైస్కూల్లో వినాయక చవితి పూజప్పుడు అతని ముస్లిం స్నేహితుడు వరండాలో నిలబడేవాడట. ఆ పిల్లాడి మొహం నాకు ఇన్నేళ్ళకు గుర్తొచ్చింది. అక్కడైనా ఇక్కడైనా అది తప్పే.

గోడతో ఆగుతుందని నేననుకోను. షుగర్‌ల్యాండ్ అష్టలక్ష్మి ఆలయంలో 2024 ఆగస్టులో చిన్న జీయర్ స్వామి ఆధ్వర్యంలో 90 అడుగుల హనుమంతుణ్ణి ప్రతిష్ఠించారు. ఏడాది తిరిగాక అలెగ్జాండర్ డంకన్ అనే రిపబ్లికన్ సెనేట్ అభ్యర్థి, ఈ అబద్ధపు దేవుడి విగ్రహాన్ని టెక్సస్‌లో ఎందుకు ఉండనిస్తున్నాం, మనది క్రైస్తవ దేశం అని బాహాటంగా అన్నాడు. గోడ మీది మాటే ఆ నోటా వచ్చింది.

కెంటకీలో ఇలాంటి చట్టాన్నే సుప్రీం కోర్టు 1980లో కొట్టేసింది. 2025 ఆగస్టులో ఫెడరల్ జడ్జి ఫ్రెడ్ బీరీ 11 స్కూల్ డిస్ట్రిక్టుల్లో ఈ పోస్టర్లను తాత్కాలికంగా ఆపారు. మా డిస్ట్రిక్టు ఆ జాబితాలో లేదు.

ఆ రాత్రి మా చిన్నదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మన వినాయకుడు ఎక్కడికీ పోడు, నువ్వే తప్పూ చేయలేదు అని చెప్పాను. తర్వాత స్కూల్ బోర్డు మీటింగుకు పేరు రాయించుకున్నాను. మాట్లాడడానికి ఓటు అక్కర్లేదు, సిటిజన్‌షిప్ అక్కర్లేదు, హెచ్-1బీ మీద ఉన్నా చాలు. మీటింగు రోజు హాల్లో తెలుగువాళ్ళం ఇద్దరమే ఉన్నాం. మీ ఊళ్ళోనూ నెలకోసారి ఈ మీటింగు జరుగుతుంది. వచ్చే నెల దానికి వెళ్ళండి, లేచి నిలబడి మాట్లాడండి.