అడిగితే కదా మేడమ్!



దసరా సెలవులకు ముందు మన ఏడో తరగతి పిల్లలు చెప్పిన బుర్రకథ మీలో చాలామంది చూశారు. పీటీఎంలో నన్ను మెచ్చుకున్నారు కూడా. ఆ మెచ్చుకోలు పూర్తిగా నాది కాదు. దాని వెనక నేను చేసిన ఒక తప్పు ఉంది. అది మీకు చెప్పాలి.

నేను చెప్పేది ఇంగ్లీషు. బీఎడ్‌లో స్టోరీ టెల్లింగ్ గురించి పేజీలకు పేజీలు రాశాను. కానీ కథ చెప్పడం అనగానే నాకు మా తాతయ్య గుర్తొస్తారు. షేక్ నాజర్ బుర్రకథ వినడానికి బండి కట్టుకుని పక్క ఊరికి వెళ్లిన సంగతి ఆయన ఎన్నిసార్లు చెప్పారో! ఎప్పుడు చెప్పినా ఆ గొంతు గురించి, తెల్లవారేదాకా కదలని జనం గురించే చెప్పేవారు.

నాజర్ గారు 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో ఒక పేద దూదేకుల కుటుంబంలో పుట్టారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు ఊరూరా చెప్పారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు.

మేమూ పల్నాటి కథే తీసుకున్నాం. అన్ని కులాలవాళ్లనూ ఒకే బంతిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు అందులో ఉంది. రోజూ లంచ్ బాక్సులు పంచుకునే పిల్లలకు అది ఇట్టే అర్థమైంది.

బుర్రకథకు ముగ్గురు కావాలి. తంబుర, అందెలతో కథకుడు మధ్యలో నిలబడతాడు. డక్కీలతో చెరోవైపు ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు నవ్విస్తే, ఇంకొకరు లోకం తీరు మాట్లాడతారు. మా క్లాసులో కథకుడి గొంతు ఎవరిదో అందరికీ తెలుసు. ఆ బాబు ముస్లిం. ‘దసరా ప్రోగ్రామ్ కదా, వాళ్లింట్లో ఏమనుకుంటారో’ అని నాలో నేనే అనుకుని, అతనికి యాంకరింగ్ ఇచ్చాను. కథకుడిగా వేరే బాబును పెట్టాను. అతను ఏమీ అనలేదు. “సరే మేడమ్” అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత నాజర్ గారి పరిచయం బోర్డు మీద రాస్తున్నాను. ఆ పేరు రాస్తుంటే చెయ్యి ఆగింది. తాతయ్య తరం ఎన్నడూ అడగని ప్రశ్న నేను ఒక పన్నెండేళ్ల పిల్లవాడి విషయంలో వేసుకున్నాను. పైగా జవాబు కూడా నేనే చెప్పేసుకున్నాను.

ఆ సాయంత్రం వాళ్లమ్మగారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: “మీరు అడిగితే కదా మేడమ్, మేము వద్దనేది.”

అప్పటికే పాట నేర్చుకున్న బాబు దగ్గర్నుంచి తంబుర లాక్కోవడం ఇంకో తప్పవుతుంది. అందుకని ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడాను. సగం నువ్వు, సగం నేను అని వాళ్లే పంచుకున్నారు. కథ మధ్యలో తంబుర ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మారడం మీరు చూశారు. అదేదో ప్లాన్ చేసి పెట్టామనుకున్నారు చాలామంది. కాదు, నా తప్పు అలా సర్దుకుంది.

ఆ బాబు, వాళ్లమ్మగారు సరేనన్నాకే ఇది రాస్తున్నాను.

సహనం మీద మేం క్లాసులో పాఠాలు చెబుతాం, పోస్టర్లు వేయిస్తాం. కానీ నేను ఎవరినీ ద్వేషించలేదు, కించపరచలేదు. మంచిదనుకునే ఒక పిల్లవాణ్ని పక్కన పెట్టాను. ఇలాంటి తప్పు దొరకడం కష్టం. అడగకుండా ఎదుటివాళ్ల తరఫున మనమే నిర్ణయించేసుకోవడం దగ్గరే అది మొదలవుతుంది.

మీకు ఒక చిన్న హోంవర్క్. ఈ సెలవుల్లో అమ్మమ్మ, నానమ్మల దగ్గర పిల్లలకు ఒక కథ చెప్పించండి. స్కూలు తెరిచాక, ఆ కథ ఒక ఫ్రెండ్‌కి చెప్పి, వాళ్లింటి కథ ఒకటి అడిగి తెచ్చుకోమనండి. ఏ ఫ్రెండ్ అన్నది మాత్రం పిల్లలకే వదిలేయండి.