మందుల పెట్టెతో వచ్చిన దొరసాని

గుంటూరులో పాతతరం వాళ్లకు ‘కుగ్లర్ ఆస్పత్రి’ అంటే కొత్తగా చెప్పక్కర్లేదు. ‘మా అమ్మా అక్కడే పుట్టింది, నేనూ అక్కడే పుట్టాను’ అని చెప్పుకునే కుటుంబాలు ఎన్నో. ఆ పేరు ఊరిదీ కాదు, పేటదీ కాదు... ఓ అమెరికా డాక్టరమ్మది. అన్నా సారా కుగ్లర్ 1883లో, ఇరవై ఏడేళ్ల వయసులో సముద్రాలు దాటి గుంటూరు వచ్చారు. పెళ్లి చేసుకోలేదు. 1930లో కన్నుమూసిందీ గుంటూరులోనే!

ఆమె వచ్చింది క్రీస్తు గురించి చెప్పడానికి. ఆ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు. అయితే, ముక్కూమొహం తెలియని పరదేశి వచ్చి ‘మా దేవుడి గురించి వినండి’ అంటే ఎవరు వింటారు? ముందు ఇంటి తలుపు తెరుచుకోవాలి కదా! కుగ్లర్‌కి ఆ తలుపు తీసింది ఆమె ప్రసంగం కాదు, ఆమె చేసిన పని.

వద్దన్నా వదల్లేదు

పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టా అందుకున్న కుగ్లర్ ఓ మానసిక రోగుల ఆసుపత్రిలో పని చేస్తుండేవారు. భారతదేశంలో ఆడవాళ్లకు వైద్యం చేసే ఆడ డాక్టర్ల అవసరం ఎంతో ఉందంటూ ఇక్కడున్న ఓ మిషనరీ రాసిన ఉత్తరం ఆమె మనసు మార్చేసింది. లూథరన్ మహిళా సంఘానికి దరఖాస్తు పెట్టుకున్నారు. డాక్టరును పంపే ఆలోచన వాళ్లకు అప్పటికి లేదు. ఘోషాలో ఉండే స్త్రీల ఇళ్లకు వెళ్లి బోధించే పనికైతే పంపుతామన్నారు. ఆమె సరేనన్నారు. మందుల పెట్టె మాత్రం వెంట తెచ్చుకున్నారు.

అప్పటి పరిస్థితి ఒక్కసారి ఊహించుకోండి. పరాయి మగవాడు నాడి పట్టి చూడటమంటే ఆ ఇంటికి తలవంపులు. కాన్పు కష్టమైతే మంత్రసానే దిక్కు. ఆమె కూడా చేతులెత్తేస్తే ఇక దేవుడిదే భారం. అలాంటి గడపల ముందుకు వచ్చారు ఈ దొరసాని. తెలుగు నేర్చుకున్నారు. పిలిచిన ఇంటికల్లా వెళ్లారు. ఏ కులమని అడగలేదు, ఏ మతమని చూడలేదు. ఆమె డాక్టరుగా వచ్చారని కాగితాల మీద లేకపోయినా రోగులకు ఆ సంగతి తెలిసిపోయింది. చివరికి సంఘమే దిగివచ్చి ఆమెను వైద్య మిషనరీగా గుర్తించింది. 1886లో చిన్న దవాఖానా మొదలైంది. తర్వాత సొంతదేశానికి వెళ్లి, విరాళాలు పోగుచేసుకొచ్చారు. 1898లో స్త్రీలకూ పిల్లలకూ పెద్ద ఆసుపత్రే నిలిచింది. ఆమె పోయాక దానికి ఆమె పేరే పెట్టారు.

మరి... మతం మాటేమిటి?

ఇక్కడో ప్రశ్న రాక మానదు. వైద్యం చూపించి మతంలోకి లాగడమేగా ఇదంతా? అడగాల్సిన ప్రశ్నే. ప్రాణం మీదికి వచ్చినవాళ్లు, ఆకలితో నకనకలాడేవాళ్లు ఏదడిగినా కాదనలేరు. ఆ స్థితిలో ఉన్న మనిషి అన్న ‘ఊ’ని నమ్మకం అనగలమా?

ఈ ప్రశ్న కుగ్లర్ రాకముందే పక్కనున్న ఒంగోలులో మరో అమెరికన్‌కు ఎదురైంది. బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ. 1876-78 నాటి ధాత కరువులో జనం పిట్టల్లా రాలిపోతున్నారు. ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని వేల మందికి పని కల్పించారు. కూలి డబ్బులతో వాళ్ల పొయ్యిలో పిల్లి లేచింది. ఆ సమయంలోనే ఎంతోమంది క్రైస్తవంలో చేరతామని వచ్చారు. మత ప్రచారకుడికి ఇంతకంటే మంచి అదను ఉంటుందా? కానీ క్లౌ ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల.

కరువు సాయం ఆగిపోయింది. ఇక ఇవ్వడానికి ఏమీ లేదన్నారు. అయినా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరి చివర బతుకులు వాళ్లవి. మనిషిగా చూసే మనిషి కోసం తరాలుగా ఎదురుచూసినవాళ్లు. గింజలు అయిపోయాక కూడా వాళ్లు వెనక్కి పోలేదంటే, వాళ్లను పట్టి ఉంచింది గింజలు మాత్రమే కాదని అనుకోవాలి.

ఎదురుగా సత్రం

మళ్లీ గుంటూరుకి వద్దాం. కుగ్లర్ దగ్గరికి వచ్చినవాళ్లంతా క్రైస్తవులైపోలేదు. ఆసుపత్రిలో బైబిలు చదివి వినిపించేవారు. విన్నవాళ్లు విన్నారు, మందు తీసుకుని ఇంటికి వెళ్లినవాళ్లు వెళ్లారు. మందు మాత్రం అందరికీ ఒకటే. నిజానికి ఆమె మంచితనానికి అసలు పరీక్ష అక్కడే. ‘మనవాళ్లు’ కానివాళ్ల పట్ల, ఎప్పటికీ కాబోనివాళ్ల పట్ల ఎలా ఉన్నామన్నదే కదా లెక్క! నవ్వుతూ పలకరించడం వ్యాపారికీ వచ్చు. బేరం కుదరకపోయినా ఆ నవ్వు చెదరకపోవడమే కష్టం.

ఏలూరు రాజా భుజంగరావు హిందూ జమీందారు. ఆయన భార్యకు కుగ్లర్ వైద్యం చేశారు. ఆ కృతజ్ఞతతో ఆయన ఆసుపత్రి దగ్గర ఓ సత్రం కట్టించారు. దూరాల నుంచి వచ్చే రోగుల బంధువులు తలదాచుకోవడానికి.

ఏసు చెప్పిన మంచి సమరయుని కథ చాలామందికి తెలిసే ఉంటుంది. దారిలో దెబ్బలు తిని పడి ఉన్న మనిషికి పరాయివాడొకడు కట్టు కట్టి, సత్రానికి చేర్చి, ఖర్చులు కూడా భరిస్తాడు. ఎవరు నువ్వని అడగడు. కుగ్లర్ నమ్మిన కథ అది. గుంటూరులో కట్టు కట్టింది పరదేశపు క్రైస్తవురాలైతే, సత్రం కట్టించింది ఈ నేల మీది హిందువు. రోగి ప్రాణం నిలబడటానికి ఆ రెండూ కావలసి వచ్చాయి.