సగం వచనం

మా పిన్ని విడాకులకు కేసు వేసిన ఏడాది, 2004లో, నేను పదో తరగతి. కొట్టే భర్తను వదిలి పుట్టింటికొచ్చి అప్పటికి మూడేళ్ళు. మళ్ళీ పెళ్ళి మాట ఆమె ఎత్తనే లేదు. అయినా ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు ఆమెను ఆగమన్నారు. అమ్మా నేనూ చివరి బెంచీలో కూర్చున్నాం. ఒక పెద్దాయన మలాకీ గ్రంథం రెండో అధ్యాయం తెరిచి, భార్యాభర్తలు విడిపోవడం దేవుడికి అసహ్యమనే చోటు చదివి, "లేఖనం మారదమ్మా. మనమే దానికి లోబడాలి" అన్నాడు. కేసు వెనక్కి తీసుకునేదాకా ప్రభువు బల్లలో ఆమెకు పాలు లేదన్నారు.

అందరూ ఉన్నారు కదా అని, ఆ వెంటనే కోశాధికారి సంఘం లెక్కలు చదివాడు. కొత్త గుడి కోసం బ్యాంకులో వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్‌కి ఆ ఏడు వచ్చిన వడ్డీ ఎంతో చెప్పగానే అందరూ "ప్రభువుకు స్తోత్రం" అన్నారు.

ఇందులో నవ్వాల్సిందేమిటో నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. నిర్గమకాండం, లేవీయకాండం, ద్వితీయోపదేశకాండం మూడూ సాటివాడి దగ్గర వడ్డీ తీసుకోవద్దంటాయి. పాత రోజుల్లో సంఘం దీన్ని ఊరికే వదిలేయలేదు. 1179లో రోమ్‌లో జరిగిన మూడో లాటరన్ మహాసభ, పేరుమోసిన వడ్డీ వ్యాపారులకు ప్రభువు బల్ల ఇవ్వొద్దనీ, క్రైస్తవ సమాధి కూడా దక్కకూడదనీ తీర్మానించింది. పదహారో శతాబ్దంలో కాల్విన్, పేదవాడిని పీల్చే వడ్డీ వేరు, వ్యాపారానికిచ్చిన సొమ్ము మీద మితమైన వడ్డీ వేరు అని వాదించాడు. వచనంలో ఒక్క అక్షరం మారలేదు. అది ఎవరిని కాపాడటానికి పుట్టిందని అడిగారంతే. అలా అడగడం తప్పని నేననను. డబ్బు విషయంలో అడిగిన ప్రశ్న, దెబ్బలు తిన్న మనిషి విషయంలో ఎందుకు అడగలేదన్నదే నా పేచీ.

పైగా విడాకుల గురించి కొత్త నిబంధన ఒకే వాక్యం చెప్పి ఊరుకోలేదు. మార్కు సువార్తలో యేసు చెప్పిన నిషేధానికి మినహాయింపు లేదు. మత్తయిలో వ్యభిచారం మినహాయింపుగా కనిపిస్తుంది. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, అవిశ్వాసి అయిన భాగస్వామి విడిచిపోతే విశ్వాసికి నిర్బంధం లేదంటాడు. ఎదురుగా ఉన్న మనిషి పరిస్థితి చూడకుండా వాళ్ళకీ కుదరలేదని నాకనిపిస్తుంది.

చట్టం కదలడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. 1869 నాటి భారత విడాకుల చట్టం కింద క్రైస్తవ భర్త భార్య వ్యభిచారాన్ని రుజువు చేస్తే చాలు. భార్యకు మాత్రం సాధారణంగా అదొక్కటే సరిపోయేది కాదు, దానికి తోడు క్రూరత్వమో, రెండేళ్ళు వదిలేయడమో కూడా చూపించాలి. 2001 సవరణ తర్వాతే క్రూరత్వం దానంతటదే ఒక కారణమైంది. పిన్ని కోర్టుకెళ్ళింది ఆ దారినే.

ఆ రాత్రి పిన్ని ఏడవలేదు. అమ్మమ్మ బైబిలు తెచ్చుకుని, పొద్దున పెద్దాయన చదివిన చోటే తెరిచి, "ఇది చదవరా" అని నా చేతికిచ్చింది. పదహారో వచనం. ఆయన ఆపేసిన చోటు తర్వాత ఇంకా ఉంది. హింసను బట్టలా కప్పుకునేవాడి పని కూడా దేవుడికి అంతే అసహ్యమట. ఈ వచనం హీబ్రూలో చిక్కుముడి అనీ, మొదటి సగాన్ని అనువాదకులు తలో రకంగా రాశారనీ తర్వాత చదివాను. నేను చూసిన అనువాదాల్లో హింస మాట ఎక్కడా ఎగిరిపోలేదు.

"మరి లేఖనం మారదంటున్నారుగా పిన్నీ?" అన్నాను, ఆమె తరఫున కోపంతో.

"మారకూడదనే నేనూ అనేది. మారేదే అయితే ఈ రెండో సగం ఎప్పుడో చెరిపేసేవాళ్ళు" అంది.

అప్పటిదాకా, 'మారదు' అన్నమాట పెద్దల చేతిలో కర్రలా కనిపించేది నాకు. పిన్ని మాత్రం దాన్నే పట్టుకుని నిలబడింది. పుస్తకం మారకపోవడంలో సంఘం గొప్పేమీ లేదు. వచనం మొత్తం చదవడం, దాన్ని అందరికీ ఒకేలా చదివి వినిపించడం, ఇవే సంఘం చెయ్యాల్సిన పనులు.

పిన్ని గుడి మానలేదు. బల్ల దగ్గరకి అందరూ వెళ్తుంటే తను బెంచీలోనే కూర్చునేది. బాబాయి మగవాళ్ళ వైపు రెండో వరసలోంచి లేచి నెలనెలా వెళ్ళి వచ్చేవాడు. ఆయన్ను ఎవరూ ఆగమనలేదు. నాలుగేళ్ళకు కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఏమీ అడక్కుండా రొట్టె, గిన్నె పట్టుకుని ఆమె బెంచీ దాకా వచ్చారు. పాత తీర్మానాన్ని ఎవరూ కొట్టేయలేదు. మినిట్స్ పుస్తకంలో ఇప్పటికీ అలాగే ఉంది.