మందగమనుడి ఊళ్లో... మైదానం ఎవరిది?

మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్ వెళ్లే బస్సెక్కితే దారిలో తగిలే పెద్ద ఊరు బిజినేపల్లి. పత్తి, వేరుశనగ, మొక్కజొన్న చేల నడుమ మండల కేంద్రం. చదువుల మాటెత్తితే ఈ మండలంలోని వట్టెం నవోదయ విద్యాలయం, సేద్యం మాటెత్తితే పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం గుర్తొస్తాయి. శనివారం వచ్చిందంటే మాత్రం జనం దారి పట్టేది నందివడ్డెమానుకే.

ఒకప్పటి వర్ధమానపురమే ఈ వడ్డెమాను. గోన వంశీకుల ఏలుబడిలో వెలిగిన పట్టణం. 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ సినిమాలో అల్లు అర్జున్ వేసిన గోన గన్నారెడ్డి ఏలింది ఈ సీమనే. ఇప్పుడు ఆ కోటల కంటే ఇక్కడి శనైశ్చరుడికే పేరెక్కువ. జ్యేష్ఠాదేవి సమేతంగా కొలువైన స్వామికి నువ్వుల నూనెతో అభిషేకాలు చేస్తారు. శని త్రయోదశి నాడైతే చెప్పనే అక్కర్లేదు!

శనైశ్చరుడంటే మెల్లమెల్లగా నడిచేవాడు. సూర్యుడి చుట్టూ ఒక్కసారి తిరిగి రావడానికి శనిగ్రహానికి దాదాపు 29 ఏళ్లన్నర పడుతుంది. ఆ నిదానాన్ని చూసే పెద్దలు ‘మందుడు’ అన్నారు. ‘పంగు’ అని కూడా అన్నారు. పంగు అంటే కుంటివాడు. కాలు సరిగా లేని దేవుడికి ఊళ్లకు ఊళ్లు దణ్నం పెడతాయి. అదే కాలు సరిగా లేని పిల్లాడు వీధిలో కనిపిస్తే ‘ఏ జన్మలో చేసుకున్న పాపమో’ అనే నోళ్లకు కొదవుండదు. దేవుడికో న్యాయం, మనిషికో న్యాయం!

అలాంటి పిల్లలకు మన పల్లెల్లో ఆటలే లేవా అంటే ఉన్నాయి. పాత గుళ్ల అరుగుల మీద, మండపాల బండల మీద చెక్కిన పులి-మేక గళ్లు చాలాచోట్ల కనిపిస్తాయి. పులిజూదం, దాడి, అష్టాచెమ్మా... అన్నీ కూర్చుని ఆడేవే. కాళ్లతో పనే లేదు. వామనగుంటలైతే కళ్లతోనూ పనిలేదు. గుంటలో చింతగింజల్ని వేళ్లతో తడిమి లెక్కపెట్టుకుంటే చాలు. అరుగులు పోయి సిమెంటు మెట్లు వచ్చాక ఆ కాస్త ఆటా పోయింది.

ఇక ఊరు దాటడం మరో ఎత్తు. దివ్యాంగులకు ఆర్టీసీ పాస్ మీద చార్జీలో సగం రాయితీ ఉంది. బస్సు మెట్టు ఎత్తులో మాత్రం ఏ రాయితీ లేదు. చంకకర్రతో ఆ మెట్టెక్కేలోపు కండక్టరు రైట్ రైట్ అనకుండా ఉంటే అదృష్టమే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ వినోదం గురించి, 30వ సెక్షన్ క్రీడల గురించీ చెబుతాయి. మైదానాలను అందరికీ అందుబాటులో ఉండేలా మార్చాలన్నది అందులోని మాటే. కాగితం మీద మాట బాగానే ఉంది.

మాట మైదానం దాకా వస్తే ఏమవుతుందో చెప్పడానికి వరంగల్ జిల్లా కల్లెడ చాలు. జీవాంజి దీప్తి ఆ ఊరి పిల్ల. మేధోపరమైన ఎదుగుదల లోపంతో పుట్టింది. కూలి చేసుకునే తల్లిదండ్రులు. పిల్లను అనాథాశ్రమంలో వదిలేయమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. బడిలో ఆమె పరుగు చూసిన కళ్లు, ఆ తర్వాత కోచ్ నాగపురి రమేశ్ చేయి కలిసి ఆమెను ట్రాక్ ఎక్కించాయి. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరిగెత్తి టి-20 విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం. సలహాలిచ్చినవాళ్లు ఆ రేసు చూసే ఉంటారు!

పల్నాడు కుర్రాడు ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డిదీ ఇలాంటి దారే. భారత అంధుల క్రికెట్ జట్టుకు నాయకుడై 2017లో, 2022లో టీ-20 ప్రపంచకప్పులు గెలిపించాడు. 2023 సంవత్సరానికి అర్జున అవార్డు అందుకున్నాడు. ఆ ఆట తీరే వేరు. గట్టి ప్లాస్టిక్ బంతిలో గలగలలాడే గుళ్లు ఉంటాయి. బౌలర్ చేతిని కిందినుంచి ఊపి నేలమీద దొర్లిస్తాడు. బ్యాట్స్‌మన్ చెవులతో బంతిని చూస్తాడు. పూర్తిగా చూపులేని ఆటగాడు చేసిన ప్రతి పరుగూ రెండుగా లెక్క.

బిజినేపల్లి లాంటి ఊరికి వీటన్నిటికంటే చవకైన ఆట మరొకటుంది. సిట్టింగ్ వాలీబాల్. 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు స్థలం. మగవాళ్లకైతే వల ఎత్తు 1.15 మీటర్లు, ఆడవాళ్లకు 1.05. బంతిని కొట్టేటప్పుడు నడుము పైకి లేవకూడదు, అంతే నిబంధన. పోలియో వచ్చిన అన్నతో రెండు కాళ్లూ బాగున్న తమ్ముడు కూడా నేలమీద కూర్చుంటే ఇద్దరూ సమానమే. ఎవరు గెలుస్తారన్నది చేతుల్ని బట్టి ఉంటుంది.

డిసెంబరు 3 అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం. ఆ సందర్భంగా జిల్లా కేంద్రాల్లో పరుగు, షాట్‌పుట్, చెస్, క్యారమ్స్, మూడు చక్రాల బండ్ల పందేలు పెడుతుంటారు. 2016లో నాగర్‌కర్నూల్ జిల్లా అయ్యాక బిజినేపల్లి పిల్లలకు జిల్లా కేంద్రం దగ్గరైంది. కాకపోతే ఏడాదికొక్క రోజు ఆడి మిగతా రోజులు ఇంట్లో కూర్చుంటే పతకాలు ఎక్కడినుంచి వస్తాయి?

ఎలా వెళ్లాలంటే... హైదరాబాద్ నుంచి జడ్చర్ల వరకు 44వ నంబరు జాతీయ రహదారి. రైల్లో వచ్చేవారు మహబూబ్‌నగర్‌లో దిగి బస్సు పట్టుకోవచ్చు. చక్రాల కుర్చీతోనో, చంకకర్రలతోనో వచ్చేవారు ఉంటే శనివారాలు, త్రయోదశులు వద్దు. మామూలు రోజు పొద్దున్నే చేరుకుంటే రద్దీ తక్కువ. అభిషేకం జరిగే చోట నూనె జిడ్డుకు నేల జారే ప్రమాదం ఉంటుంది. కర్రల అడుగున రబ్బరు బిళ్లలు అరిగిపోలేదు కదా అని బయల్దేరే ముందే చూసుకోవాలి.