కాలువగట్టు రేకుల కొట్టము

ఇనుపపనిముట్ల కర్మాగారమును గూర్చి ఆడువారు వ్రాయనేల యని మీలో కొందఱు నవ్వవచ్చును. మావారును నవ్విరి. కాని గడచిన మాఘమాసమున మేము తెనాలి పుట్టింటికి పోయినపుడు, కాలువగట్టునందలి పాత రేకుల కొట్టమును పడగొట్టి అంతస్తుల యిండ్లు కట్టుదురని వింటిమి. నాటినుండియు మా మనస్సు నిలువకున్నది. ఆ కొట్టము ఒకప్పుడు మా యింటివారి కూడు తీసినది. మఱియొకప్పుడు మాకే కూడు పెట్టినది.

ఆ కట్టడపు చరిత్రను దాని ద్వారములను బట్టి చదువవలెను. మొదటి ద్వారము కాలువవైపున నుండెను. 1855 నాటికి బెజవాడయొద్ద కృష్ణానదికి ఆనకట్ట పూర్తియయ్యెను. పిదప ఈ సీమకు కాలువనీరును, నీటితో వరియు, వరితో పడవలును వచ్చినవి. 1916లో రేపల్లెకు రైలుదారి పడిన తరువాతను ధాన్యపుబస్తాలు చాలకాలము పడవలమీదనే ఈ గట్టున దిగెడివని మా తాతగారు చెప్పెడివారు. ఏలయన, కొట్టము మొదట బియ్యపుమర. మూరెడు మందముగల యిటుకగోడలు, సున్నపుగచ్చు, టేకుదూలములు, పైని ముడుతలరేకులు. లోపల నూనెయింజను మ్రోగుచుండగా ఆ చప్పుడును బట్టియే పేటలోని యాడువారు ప్రొద్దు తెలిసికొని పొయ్యి రాజవేసెడివారట.

మా అమ్మమ్మగారి తల్లి ఇరువదియేండ్లకే పసుపుకుంకుమలకు దూరమై, ఇద్దఱు బిడ్డలతో పరుల వడ్లు దంచి బ్రదికినది. దంచి, చెరిగి, బియ్యము కొలిచి యిచ్చినచో కూలిక్రింద నూకలు, తవుడు, ఒకప్పుడు సోలెడు బియ్యము దొరకెడివి. మర వచ్చిన తరువాత ఒక్కొక్క యిల్లే బస్తాలను అచటికి పంపసాగెను. ఎవరును ఆమెను పొమ్మనలేదు. పిలుచుట మానిరి, అంతే. రోకలి మూలకు చేరినది. ఆమె అప్పడములు ఒత్తి యింటింటికిచ్చి బిడ్డలను పెంచినది.

పిదప పెద్దలు దంపుడు బియ్యపు గుణమును కనుగొనిరి. 1934లో గాంధీగారి ప్రేరణమున ఏర్పడిన అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘము దానినే తినుడని బోధించెను. మర తెల్లగా చేయుటలో తవుడుతోబాటు బి-విటమిను పోవుననియు, ఉత్తర సర్కారులలో బెరిబెరి వ్యాధికి అట్టి బియ్యమే ముఖ్యకారణమనియు కూనూరు పరిశోధనాలయపు వైద్యులు తెలిపిరి. 1958లో వచ్చిన బియ్యపుమరల చట్టమైతే క్రొత్త మరకు అనుమతి నిచ్చుటకు ముందు దానివలన ఆ ప్రాంతమున ఎందఱి పని పోవునో విచారింపవలెనని విధించెను. అప్పటికి మా తాతమ్మకు రోకలి నెత్తు శక్తి లేదు. అయినను ఆమె మరను తిట్టగా ఎవరును వినలేదు. వడ్లు దంచి చేతులు బొబ్బలెక్కని వారే దంపుడు బియ్యమును మిక్కిలి పొగడుదురనెడిదట.

పెద్ద మరలు వచ్చినపుడు ఈ చిన్న మర నిలువలేదు. అమ్ముడుపోయి పనిముట్ల కర్మాగారమయ్యెను. కాలువవైపు ద్వారమును ఇటుకలతో మూసిరి. బాటవైపు గోడను పగులగొట్టి ట్రాక్టరు దూరునంత వాకిలి పెట్టిరి. కొలిమి వెలసినది, లేతు వచ్చినది. నాగటికఱ్ఱులు, గుంటకలు, చెఱకుగానుగల పోతలు, తరువాత ట్రయిలర్లు, దమ్ముచక్రములు, అనగా బురదలో ట్రాక్టరు దిగబడకుండ తగిలించు ఇనుపచట్రపు చక్రములు, అచట తయారయ్యెడివి. తాతమ్మ మనుమరాలిని పెండ్లాడిన మా నాన్నగారు అందులో గుమాస్తాగా చేరిరి. ఆ జీతముతోనే మేము పెరిగితిమి. పగలు దమ్ముచక్రముల లెక్క వ్రాసి, రాత్రి మాకు భారతపర్వములు చెప్పెడివారు. వాడిన లెక్కకాగితముల వెనుకవైపే మా పలక.

1977 నవంబరు 19వ తేది తుపానుకు రేకులు లేచిపోయినవి. నాన్నగారు లెక్కపుస్తకములను కడుపునకు కట్టుకొని దూలముక్రింద రాత్రి గడపిరట. ప్రక్కనున్న రేపల్లె, బాపట్ల తాలూకాలు పడిన బాధ యెదుట అది యెంత? గోడలు మాత్రము కదలలేదు.

మా అత్తవారిది రేపల్లె. నేడు అచట మా చేను కోయుటకు పెద్ద వరికోతయంత్రము వచ్చును. అట్టివి పంజాబునుండి సిద్ధముగా వచ్చుచుండగా తెనాలి కొలిమికి పనియేమున్నది? కర్మాగారము మూతపడి గిడ్డంగియైనది. మొన్నటికోతలో యంత్రము ఒక్కపూటలో చేను ముగించుచుండ, కోతకూలికై వచ్చిన యాడువారు గట్టున నిలిచి చూచుచుండిరి. అత్తగారు, "వీళ్లకేమి చెప్పి పంపేదే, అమ్మాయీ?" అనిరి. మేము సమాధానము చెప్పలేకపోతిమి. మేము కాపురమున్న బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాలయు, 1983లో వ్యవసాయ ఇంజనీరింగు కళాశాలయు వెలసినవి. యంత్రవిద్య చదువు బాలికలు ఉదయమున మా వీథిని పోవుచుందురు. వారిని చూచి సంతసింతుము. గట్టున నిలిచినవారును వెంటనే జ్ఞప్తికి వత్తురు.

కూలగొట్టకముందు నాన్నగారిని వెంటబెట్టుకొని కొట్టమును చూచి వచ్చితిమి. మూసిన ద్వారపు ఇటుకలు ప్రక్క గోడకన్న ఎఱ్ఱగా, ఇప్పటికిని వేఱుగా కానవచ్చుచున్నవి. కావలివాడు మూలనున్న పాతపుస్తకమొకటి నాన్నగారికిచ్చెను. వారి దస్తూరియే. పోత పోయుటకు ఇసుక జల్లించిన స్త్రీల కూలి ప్రతిదినమును "ఆడకూలి 4" అని మాత్రమే యున్నది. యజమానికి అంతకన్న అవసరము లేదు. అంచున మాత్రము సన్నని పెన్సిలుతో నలుగురి పేళ్లును వ్రాసియుండెను. ఒకరి కూలి మఱియొకరికి పోకుండ వ్రాసికొంటినని నాన్నగారనిరి. వారి చూపు తగ్గినందున మేము ఆ పేళ్లను పైకి చదివితిమి. రెండవ పేరునొద్ద వారు మమ్మాపి, "ఆమె కూతురు నీతోడిదే. ఇద్దరూ ఆ ఇసుకలోనే ఆడుకొనేవారు," అనిరి.