ముల్లు కదలని ఉదయాలు

అండమాన్ తీరాన తెలవారకముందే నడక సాగించేవారి కథ. ఆ నడకకు లభించే, కాటా చూపించని ఫలం కథ

భారతదేశపు గడియారాలన్నింటికీ కాలాన్ని నిర్ణయించే రేఖాంశం మన కాకినాడకు సమీపంగా పోతుంది. అక్కడికి పది డిగ్రీలు తూర్పుగా, బంగాళాఖాతపు ఆవలి అంచున ఉన్న అండమాన్ దీవులు కూడా ఆ గడియారాన్నే పాటిస్తవి. కాని సూర్యుడు ఆ ఒడంబడికను ఎరుగడు. వేసవిలో ఐదు గంటలు కొట్టేసరికే అక్కడ తెల్లగా తెలవారిపోతుంది. చలికాలంలో సాయంత్రం ఐదు దాటగానే పొద్దు గూకుతుంది. అందుచేత పోర్ట్ బ్లెయిర్‌లో (2024 సెప్టెంబరు నుండి దీని అధికారనామం శ్రీ విజయపురం) ఆరోగ్యం కోసం నడిచేవారి దినచర్య, వారు ‘మెయిన్లాండు’ అని పిలిచే ప్రధానభూమి ఇంకా నిద్రలో ఉండగానే ఆరంభమవుతుంది.

మెరీనా పార్కు దగ్గర సముద్రపు గోడ వెంబడి ఆ వేళకే అడుగుల చప్పుడు వినవస్తుంది. ఎదుట, నీటికి అవతల, ఒకనాడు ఆంగ్లేయుల పాలనాకేంద్రంగా వెలిగి, నేడు చెట్ల వేళ్ళలో చిక్కుకున్న శిథిలాలతో మిగిలిన రాస్ దీవి కనబడుతుంది. 2018 నుండి అది నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. నడిచేవారి మాటల్లో బెంగాలీ, హిందీ, తమిళం, మలయాళం కలగలసి ఉంటవి. నడుమ నడుమ చెవినిబడే తెలుగుకు శ్రీకాకుళపు యాస. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. చేపల వేటకు వచ్చి జంగ్లీఘాట్ వంటి చోట్ల స్థిరపడినవారు కొందరు. రోడ్ల పనికి, కట్టడాల పనికి వచ్చి ఉండిపోయినవారు మరికొందరు. వారి బిడ్డలు నేడు గుమాస్తాలు, ఉపాధ్యాయినులు, దుకాణదారులు.

‘‘ఏటొదినా, ఎంత తగ్గినావు?’’

‘‘ఏటి తగ్గడవమ్మా! అదే కాటా, అదే డెబ్బయ్యెనిమిది.’’

ఇటువంటి సంభాషణ ఆ గోడ వెంట ఏ భాషలోనైనా వినవచ్చు. రాత్రిళ్ళు అన్నం మాని రొట్టెలకు మారారు, చక్కెర మానారు, మూడు నెలలుగా ఒక్క ఉదయం కూడా తప్పలేదు. మొదటి రెండు వారాలలో మూడు కిలోలు దిగిన ముల్లు, ఆ తరువాత మొరాయించిన ఎద్దులా నిలిచిపోయింది. నడక మానేయడం ఎక్కువగా జరిగేది సరిగా ఈ ఘట్టంలోనే. ‘నా ఒంటితత్త్వం ఇంతే’ అని ఒకరు, ‘నాకు పట్టుదల చాలదు’ అని మరొకరు విరమించుకుంటారు.

తెలుగునాట ‘ఒళ్ళు చేశావు’ అనడం ఒకప్పుడు మెప్పు. ‘చిక్కిపోయావేం?’ అనేది జాలిమాట. మన భాషకు బరువు తగ్గడం వ్యాధికో వెతకో గుర్తే గాని, సాధించదగిన లక్ష్యం కాదు. కాలం తారుమారైంది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద స్త్రీలలో నూటికి 24 మంది, పురుషులలో 23 మంది అధిక బరువు గలవారని తేలింది. అండమాన్ నికోబార్ దీవులలో ఆ సంఖ్యలు స్త్రీలలో 38, పురుషులలో 45. దేశంలోకెల్లా హెచ్చయిన అంకెలలో ఇవి కొన్ని.

చుట్టూ చేపలు, చెంత కొబ్బరి, ఎటు చూసినా ఎక్కుడు దిగుడు దారులే ఉన్న సీమలో ఇది వింతగా తోచవచ్చు. కాని ఇక్కడి వంటింటికి కావలసిన బియ్యం, పప్పు, నూనె, చక్కెర, ఉల్లిపాయ చాలావరకు ఓడ మీద రావలసినవే. చెన్నై, కలకత్తా, విశాఖపట్నం రేవుల నుండి సముద్రప్రయాణం మూడు రోజుల మాట. నిలవ ఉండే సరుకే ఓడకు అనువు. నిలవ ఉండేవాటిలో పాలిష్ పట్టిన బియ్యం, మైదా, చక్కెర, పొట్లాలలోని చిరుతిండి అగ్రగణ్యాలు.

ఈ మార్పు ఎంత త్వరగా రాగలదో దక్షిణాన ఉన్న నికోబార్ దీవులు చూపినవి. అవి గిరిజన రక్షిత ప్రాంతాలు. 1956 నాటి నియమావళి ప్రకారం అనుమతి లేనిదే బయటివారు అక్కడ అడుగుపెట్టరాదు. నికోబారీల అనాది ఆహారం కొబ్బరి, మొగలిజాతికి చెందిన పాండనస్ పండు, కందమూలాలు, చేపలు, పందిమాంసం. 2004 డిసెంబరు 26 నాటి సునామీ వారి బంధువులనే కాక తోటలను, పందుల మందలను, పడవలను కూడా తుడిచిపెట్టింది. ఆకలి తీర్చడానికి సహాయం కావలసివచ్చింది. బియ్యం, పప్పు, చక్కెర వచ్చినవి. నష్టపరిహారపు సొమ్ముతో మోటారు సైకిళ్ళూ వచ్చినవి. తోటకు నడిచి, చెట్టెక్కి, తెడ్డువేసి సంపాదించుకున్న భోజనం స్థానంలో, కూర్చున్నచోటికి వచ్చే భోజనం కొద్ది ఏళ్ళలోనే కుదురుకున్నది.

మెరీనా పార్కు నుండి పైకి ఎక్కితే సెల్యులర్ జైలు వస్తుంది. ఉదయపు నడకలో కష్టమైన ఎత్తు ఇదే. కొందరు నడుమ రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంటారు. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఈ కట్టడంలో గానుగకు మనిషిని కట్టారు. ఒక్కొక్క ఖైదీ రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయాలన్నది నిబంధన. చాలీచాలని కూడు, ఎడతెగని చాకిరి. 1933లో మానుషమైన తిండి, వెలుతురు, పుస్తకాల కోసం ఖైదీలు నిరాహారదీక్ష పూనగా, బలవంతంగా పాలు పట్టించే ప్రయత్నంలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్ర ప్రాణాలు కోల్పోయారు. ఆ గోడల లోపల బరువు తగ్గడమంటే మృత్యువు ఒక అడుగు దగ్గరకు రావడమే.

నేడు ఆ గోడ పక్కన స్వేచ్ఛగా నడిచేవారి కష్టాన్ని ఆ కష్టంతో పోల్చడం అపచారం. అయితే ఒక విషయం గ్రహించవలసి ఉన్నది. మనసుకు తెలిసిన ఈ భేదం శరీరానికి తెలియదు. పథ్యం చేసే గృహిణికీ కరువువాత పడిన రైతుకూ అది ఒకే విధంగా స్పందిస్తుంది: రాబడి తగ్గింది గనుక ఖర్చు తగ్గించు.

ఆ పొదుపు ఎంత గట్టిదో 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త కొలిచి చూశాడు. యుద్ధానంతరం ఐరోపాలోని క్షుధార్తులను ఎలా కోలుకొనేటట్లు చేయాలో తెలుసుకోవడానికి 36 మంది యువకులు స్వచ్ఛందంగా 24 వారాలు అరకడుపుతో గడిపారు. వారానికి 22 మైళ్ళు నడిచారు. వారి బరువులో సుమారు నాలుగవ వంతు పోయింది. కాని తరుగుదల ఒకే తీరున సాగలేదు. తొలి వారాల్లో వేగంగా, చివరి వారాల్లో అతి మందంగా జరిగింది. విశ్రాంతిలో వారి శరీరాలు ఖర్చుచేసే శక్తి ఇంచుమించు 40 శాతం పడిపోయింది. చేతులు చల్లబడ్డవి, నాడి నెమ్మదించింది, రాత్రింబగళ్ళు తిండి ధ్యాసే మిగిలింది.

మెరీనా పార్కు నడకలో జరిగేది దీనికి సౌమ్యరూపం. తొలి వారాల్లో దిగే కిలోలలో కొవ్వు కొంతే. కండరాలలో, కాలేయంలో నిలవున్న గ్లైకోజెన్, దానిని అంటిపెట్టుకొని ఉన్న నీరు ముందుగా ఖాళీ అవుతవి. ఆ నీరు పోగానే వేగం తగ్గుతుంది. పిమ్మట, చిన్నదైన శరీరాన్ని నడిపించడానికి కావలసిన ఇంధనమూ తక్కువే గనుక, నిన్న లోటుగా ఉన్న భోజనం నేడు సరిపోతుంది. మరోవైపు ఆకలి పెరుగుతుంది. తగ్గిన ఒక్కొక్క కిలోకు రోజువారీ ఖర్చు 20 నుండి 30 కేలరీల మేరకు తగ్గితే, ఆకలి సుమారు 100 కేలరీల మేరకు హెచ్చుతుందని 2016లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. తెలియకుండానే ముద్ద పెద్దదవుతుంది. వంద గ్రాముల పచ్చికొబ్బరిలో ఉండే 350 కేలరీలు ఒక గంట చురుకైన నడకను తుడిచివేయగలవు.

7700 కేలరీలు తగ్గిస్తే ఒక కిలో తగ్గుతుందనే పాత సూత్రం ఇందువల్లనే మోసగిస్తుంది. ఆ లెక్కన రోజుకు 240 కేలరీలు తగ్గించినవారు ఏడాదిలో 11 కిలోలు, మూడేళ్ళలో 34 కిలోలు కోల్పోవాలి. శరీరపు పొదుపును కూడా లెక్కలోకి తీసుకొని 2011లో కెవిన్ హాల్, అతని సహచరులు వేరొక అంచనా ప్రకటించారు. వారి లెక్కన అదే మనిషి చివరకు తగ్గేది సుమారు 10 కిలోలు. అందులో సగం తగ్గడానికే ఒక ఏడాది, దాదాపు అంతా తగ్గడానికి మూడేళ్ళు పడుతుంది. మూడు నెలలకే ముల్లు కేసి చూసి నిట్టూర్చేవారు నిజానికి తమ దారిలోనే ఉన్నారు. వారికి ఎవరో తప్పుడు మైలురాళ్ళు చూపించారు.

వ్యాయామం విషయంలోనూ ఇటువంటి భ్రమే ఉన్నది. టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకొని జీవించే హడ్జా జాతివారు రోజూ మైళ్ళకొలది తిరుగుతారు. అయినా శరీర పరిమాణాన్ని బట్టి సరిచూస్తే, వారు దినమంతా ఖర్చుచేసే శక్తి కుర్చీలలో కూర్చునే పాశ్చాత్యుల ఖర్చుకు ఇంచుమించు సమానమేనని 2012లో హెర్మన్ పాంట్జర్ బృందం కనుగొన్నది. నడకకు ఇచ్చినదాన్ని శరీరం వేరొకచోట మిగుల్చుకుంటుంది. కనుక బరువు తగ్గడంలో పెద్దపాలు పళ్ళేనిది, చిన్నపాలు పాదాలది.

అలాగైతే తెల్లవారుజామున లేచి నడవడం దేనికి? దీనికి సమాధానం, పోర్ట్ బ్లెయిర్‌కు ఓడలు బయలుదేరే చెన్నై నగరం నుండే వచ్చింది. మధుమేహానికి గుమ్మంలో నిలిచినవారిని, అనగా రక్తంలో చక్కెర హద్దుకు చేరువైనవారిని 531 మందిని డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం సుమారు మూడేళ్ళు పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలు సలహాతో సరిపెట్టుకున్నవారిలో నూటికి 55 మంది మధుమేహం పాలయ్యారు. ఆహారంలో మితం, క్రమంగా నడక పాటించినవారిలో 39 మంది మాత్రమే. విశేషమేమంటే ఈ రెండవ వర్గంవారి బరువులో చెప్పుకోదగిన మార్పు లేదు. ముల్లు కదలలేదు, వ్యాధి మాత్రం ఎందరి గుమ్మం నుండో వెనుదిరిగింది.

ఉదయాన నడక చాలించుకొనేవారు పోగొట్టుకొనేది ఇదే. కండరం చక్కెరను చక్కగా వినియోగించుకోవడం నేర్చుకుంటుంది, గుండె బలపడుతుంది, పొట్టలోపలి కొవ్వు కొంత కరుగుతుంది. వీటిలో ఏదీ కాటాపై కనబడదు. నడుము చుట్టుకొలత తీసే పదిరూపాయల టేపు కొంత నిజం చెబుతుంది. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటరాదన్నది మన దేశపు వైద్యులు సాధారణంగా చెప్పే హద్దు. అయితే ఎంత జాగ్రత్త పడినా నెలల తరబడి ఏ కొలతా మారకపోతే, థైరాయిడ్ వంటి కారణమో, వాడుతున్న మందుల ప్రభావమో ఉండవచ్చు. వైద్యుణ్ణి సంప్రదించడం యుక్తం. మధుమేహానికి మాత్రలు వాడేవారు తమంతట తాము ఉపవాసాలు పూనడం ప్రమాదకరం.

‘డైట్’ అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి అర్థం జీవనవిధానం. మన ‘పథ్యం’ పుట్టింది ‘పథం’ నుండి. దారికి తగినదని భావం. రెండు ప్రాచీన భాషలూ ఈ మాటను నెలరోజుల దీక్షగా ఊహించలేదు.

రేవుకు అవతల, సముద్రం నుండి ఇంచుమించు 1200 అడుగులు లేచిన కొండ ఒకటి ఉన్నది. చిరకాలం అది మౌంట్ హ్యారియెట్. 1891 యుద్ధానంతరం ఇక్కడికి ప్రవాసం పంపబడిన మణిపురి వీరుల స్మృత్యర్థం 2021లో మౌంట్ మణిపూర్ అయింది. ఎర్రని పాత ఇరవై రూపాయల నోటు వెనుక ముద్రించిన కొబ్బరిచెట్ల తీరం, దీపస్తంభం అక్కడినుండి కనబడే దృశ్యమే. సెలవునాడు నడకమిత్రులు కొందరు పడవలో అవతలికి పోయి, కాలినడకన ఆ కొండ ఎక్కుతారు. దారి పొడుగునా నీడ, తడి ఆకుల వాసన, జలగల భయం. పైకి చేరాక, దూరాన మెయిన్లాండు నుండి వచ్చే ఓడ కదులుతున్నట్లే తోచదు. కాసేపు చూపు మరల్చి తిరిగి చూస్తే, రేవు ముఖంలో ఉంటుంది.

మరునాడు ఐదు గంటలకు సముద్రపు గోడ వెంట మళ్ళీ అదే పలకరింపు. అయితే కొంతకాలంగా నడుస్తున్నవారు కాటా సంగతి అడగడం మానుకుంటారు.

‘‘జైలు ఎత్తు కాడ ఎన్నిసార్లు ఆగినావు?’’

‘‘ఒక్కసారే ఒదినా. అదీ నీకోసమే.’’