‘చిన్న విషయం’... పదిహేడేళ్లు!

1988 జులై 18. చండీగఢ్‌లో పంజాబ్ ప్రభుత్వ ఉన్నతాధికారి ఒకరి ఇంట్లో విందు. ఆడవాళ్లంతా ఓ పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకొంటున్నారు. రాష్ట్ర డీజీపీ కేపీఎస్ గిల్ అక్కడికొచ్చి కూర్చున్నారు. ఆర్థికశాఖలో ప్రత్యేక కార్యదర్శిగా ఉన్న ఐఏఎస్ అధికారిణి రూపన్ దేవల్ బజాజ్‌ను పక్కకి రమ్మని పిలిచారు. ఆమె కూర్చోబోతుంటే కుర్చీ తనవైపు లాక్కున్నారు. ఆమె లేచి దూరంగా వెళ్లి కూర్చున్నారు. కాసేపటికి ఆయన మళ్లీ ఎదురుగా వచ్చి నిలబడి, ‘లే, నాతో రా’ అన్నట్టు వేలితో సైగ చేశారు. ఆమె రానన్నారు. బయటికి వెళ్లిపోవాలని లేచేసరికి, అందరూ చూస్తుండగానే వెనక నుంచి చెయ్యి వేసి కొట్టారు.

ఆ రోజుల్లో పంజాబ్ తీవ్రవాదంతో అట్టుడుకుతోంది. గిల్ అంటే ‘సూపర్ కాప్’. అలాంటాయన మీద కేసేమిటన్నవాళ్లు బోలెడుమంది. తీవ్రవాదుల్ని ఎదిరించినవారికి ఇందులో మినహాయింపు ఎందుకుండాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

రూపన్ ముందు పైఅధికారులకు చెప్పుకొన్నారు. ఫలితం లేదు. జులై 29న పోలీసులకు ఫిర్యాదు చేశారు. ఎవరి మీద? పోలీసు బాసు మీదే! దర్యాప్తు సవ్యంగా సాగుతుందన్న నమ్మకం పోయి, ఐఏఎస్ అధికారే అయిన ఆమె భర్త నవంబరులో నేరుగా కోర్టుకెక్కారు. కేసు అలా నలుగుతుండగానే 1989లో గిల్‌కు పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది మే నెలలో హైకోర్టు కేసు కొట్టేసింది. పట్టించుకోదగ్గంత పెద్ద హాని కాదంది. పదకొండు రోజులు ఆలస్యంగా ఫిర్యాదు చేశారనీ తప్పుపట్టింది.

చిన్న విషయమట! సాటి అధికారుల ముందు, వాళ్ల భార్యల ముందు తలెత్తుకోలేకపోవడం ఎవరికి చిన్నది? సర్దుకుపోమని చెప్పేవాళ్లకే. ఐఏఎస్ హోదా, తోడు నిలిచిన భర్త, వకీళ్లను పెట్టుకోగల స్థోమత ఉన్న మనిషికే ఇంత కష్టమైతే, నెల జీతం తప్ప ఇంకేమీ లేని టైపిస్టు సంగతేమిటి?

రూపన్ వదల్లేదు. 1995 అక్టోబరులో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును పక్కనపెట్టి, విచారణ జరపాల్సిందేనంది. 1996 జనవరిలో చండీగఢ్ కోర్టు గిల్‌ను దోషిగా తేల్చి మూడు నెలల జైలుశిక్ష వేసింది. అప్పీలులో అది ప్రొబేషన్‌గా మారింది. ఆయన జైలుకైతే వెళ్లలేదు. కానీ దోషి అన్న మాట చెరగలేదు. 2005లో సుప్రీంకోర్టూ దాన్ని ఖాయం చేసింది. పరిహారం సొమ్ము మాత్రం రూపన్ తీసుకోనన్నారు.

ఆమెకు అప్పట్లో లేని దారి ఒకటి ఇప్పుడుంది. 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయొచ్చు. తొంభై రోజుల్లో విచారణ ముగించాలి. వేధించినవాడు యజమానే అయితే జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లొచ్చు. విచారణ సాగినన్నాళ్లూ ఆమె పనితీరు మీద అతను రిపోర్టు రాయకుండా ఆపమని అడగొచ్చు. ఆఫీసులో అతని ముఖం చూడలేనంటే బదిలీ గానీ, మూడు నెలల వరకూ సెలవు గానీ ఇప్పించమనొచ్చు. ఆ సెలవును ఆమె మామూలు సెలవుల్లోంచి కోయకూడదు.